ఆ మెట్ల బొమ్మ తీసేయండి: జనాభా పాఠం రాసేవారికి బహిరంగ లేఖ

జనాభా అధ్యాయం రాసే, దిద్దే, అచ్చుకు పంపే పాఠ్యపుస్తక కమిటీ సభ్యులందరికీ నమస్కారం.

నేను 22 ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతున్నాను. యూరప్‌లో జననాల రేటు ఎలా తగ్గిందో చెప్పడానికి మీ పుస్తకం ఇచ్చింది ముప్పావు పేజీ. పరిశ్రమలు వచ్చాయి, చదువులు వచ్చాయి, ముందుగా పైవర్గాలు పిల్లల్ని తగ్గించుకున్నాయి, వాళ్లను చూసి మధ్యతరగతి, మధ్యతరగతిని చూసి కూలీనాలీ చేసుకునేవాళ్లు. పక్కన మెట్ల బొమ్మ. పైమెట్టు మీద కోటు తొడుక్కున్న ఆయన, ఇద్దరు పిల్లలు. అట్టడుగు మెట్టు మీద చిరుగుల చొక్కా మనిషి, చుట్టూ ఎనిమిది మంది. ఆ బొమ్మను నేనూ ఏటా బోర్డు మీద గీశాను. బాణం పైనుంచి కిందికి వేసి, “ఇది తప్పక వస్తుంది, రాసుకోండి” అని చెప్పినదాన్నే.

పోయిన ఏడాది వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, “మేడం, కిందివాళ్లు పైవాళ్లను చూసి నేర్చుకున్నారని ఎలా తెలిసింది? ఎవరైనా వెళ్లి అడిగారా?” అంది. పుస్తకంలో అలా ఉందమ్మా అన్నాను. ఆ జవాబు నాకే చప్పగా తోచింది. సెలవుల్లో కూర్చుని దొరికినంత చదివాను. చదివేకొద్దీ ఇన్నేళ్లూ నేను చెప్పినదాంట్లో సగం నిలబడదని తేలింది. ఆ సగం మీ పేజీలోంచి వచ్చిందే కనక ఈ ఉత్తరం.

ముందు ఆ మెట్లు ఎక్కడినుంచి వచ్చాయో చెబుతాను. 1911లో ఇంగ్లండ్, వేల్స్ జనగణన కాయితంలో పెళ్లయిన ఆడవాళ్ల గురించి కొత్తగా కొన్ని గడులు చేర్చారు. పెళ్లయి ఎన్నేళ్లయింది, ప్రాణంతో పుట్టిన పిల్లలు ఎందరు, ఇప్పుడున్నవాళ్లు ఎందరు, పోయినవాళ్లు ఎందరు. (ఆ చివరి గడి నింపడానికి ఎన్ని ఇళ్లలో ఎంతసేపు పట్టిందో.) ఈ లెక్కలన్నీ గణాంక విభాగం అధిపతి టి.హెచ్.సి. స్టీవెన్సన్ చేతికి వచ్చాయి. ఆయన భర్త చేసే పనిని బట్టి కుటుంబాలను తరగతులుగా విడగొట్టాడు. డాక్టర్లు, లాయర్ల లాంటివాళ్లు ఒకటో తరగతి. ఏ నైపుణ్యమూ అక్కర్లేని పనులు చేసే కూలీలు అయిదో తరగతి. మిగతావాళ్లు మధ్యలో. ఇంతవరకూ చూస్తే మెట్లు నున్నగా కనిపిస్తాయి. కిందికి దిగేకొద్దీ పిల్లలు ఎక్కువ.

కానీ ఆయన పట్టికలో ఉన్నవి 5 తరగతులు కావు, 8. బట్టల మిల్లుల్లో పనిచేసేవాళ్లను ఆరోదిగా, బొగ్గుగని పనివాళ్లను ఏడోదిగా, వ్యవసాయ కూలీలను ఎనిమిదోదిగా పక్కన పెట్టాడు. ఈ మూడింటినీ మీ బొమ్మలో గీయలేదు, ఎందుకంటే వీటికి మెట్టు దొరకదు. మిల్లు పనివాళ్లు చేతిపని చేసి బతికేవాళ్లే, అయినా పిల్లలు తక్కువ. గని పనివాళ్ల చేతిలో డబ్బు కూలీలకంటే మెరుగ్గానే ఆడేది, అయినా అందరికంటే పిల్లలు ఎక్కువ. విడిగా పెట్టడానికి పైకి ఏ కారణం చెప్పినా, జరిగింది మాత్రం ఇది: ఇమడనివాళ్లను బయటికి తీశాక మిగిలినవాళ్లు మెట్లలా కుదిరారు.

అవే తరగతులకు ఇంకో వరస లెక్కలున్నాయి, శిశు మరణాలవి. 1911లో పుట్టిన ప్రతి 1,000 మందిలో ఏడాది నిండకుండా పోయినవాళ్లు ఒకటో తరగతిలో 76, రెండో తరగతిలో 106, అయిదో తరగతిలో 153, గని పనివాళ్లలో 160, మిల్లు పనివాళ్లలో 148. మరి వ్యవసాయ కూలీలలో? 97. ఈ అంకె చూసి నేను రెండుసార్లు వెనక్కి వెళ్లి సరిచూసుకున్నాను. దేశంలో అందరికంటే తక్కువ కూలి తెచ్చుకునేవాళ్లలో వ్యవసాయ కూలీలు ఉన్నారు. అయినా వాళ్ల పిల్లలు రెండో తరగతి వ్యాపారుల పిల్లలకంటే బాగా బతికారు. ఆ బిడ్డలను కాపాడింది తండ్రి జీతం కాదు, పట్నపు మురుగుకూ ఇరుకు గదులకూ దూరంగా ఉండటం. ఒక్క అంకె చాలు, వర్గం ఒక్కటే కొలబద్ద కాదని చెప్పడానికి. ఆ అంకె మీ పుస్తకంలో లేదు.

ఇప్పుడు గనులు, మిల్లుల దగ్గర కాస్త ఆగుదాం. పిల్లలకు ఈ చోటే నచ్చుతుంది, నాకూ.

డరమ్‌లోనో దక్షిణ వేల్స్‌లోనో ఒక గని ఊరు అనుకోండి. 1842 చట్టం ఆడవాళ్లను గనిలోకి దిగనివ్వకుండా చేసింది. ఊళ్లో గని తప్ప వేరే పని తక్కువ కాబట్టి భార్యకు సొంత సంపాదన లేదు. మగవాడు ఇరవై దాటగానే పూర్తి జీతం తెస్తాడు, అంటే పెళ్లికి ఆగాల్సిన పని లేదు. కొడుకు పదమూడు, పద్నాలుగేళ్లకు గనిలో దిగుతాడు, కూలి తెచ్చి తల్లి చేతిలో పెడతాడు. ఈ లెక్కలో ఇంకో బిడ్డ బరువు కాదు. ఈ ఊరి మనుషులకు దూరాలోచన లేదని ఎలా అంటాం? వాళ్ల ఊరు వాళ్లకు చూపించిన దారిలో వాళ్లు ఆలోచించారు.

ఇక లాంకషైర్ నేత పట్నాలు, బ్లాక్‌బర్న్, బర్న్లీ లాంటివి. అక్కడ మగ్గాల మీద ఆడవాళ్లు. పెళ్లయ్యాకా పని మానరు. కాన్పు అంటే కొన్ని నెలల కూలి పోవడం, బిడ్డను చూసుకోవడానికి ఎవరికో డబ్బివ్వడం. ఎన్ని కాన్పులన్న మాట వచ్చినప్పుడు సొంతంగా సంపాదించే ఆడమనిషి మాటకు ఇంట్లో ఎంతో కొంత బరువుంటుంది. గని ఊళ్లో ఆమె చెల్లెలికి అది లేదు. ఇద్దరి భర్తలూ కార్మికులే, ఇద్దరి కుటుంబాలూ ఒకే కార్మిక వర్గం. అయినా రెండు ఇళ్లలో పిల్లల లెక్క వేరు.

ఇక్కడే స్టీవెన్సన్ పద్ధతిలోని లోపం కూడా కనిపిస్తుంది. కుటుంబం తరగతిని భర్త పనిని బట్టి రాశాడు. మగ్గం ముందు నిలబడిన భార్య ఆ పట్టికలో ఎక్కడా లేదు. బిడ్డను మోసేది ఆమె, కూలి పోగొట్టుకునేది ఆమె, లెక్కలో మాత్రం ఆయన గారి ఉద్యోగం.

కేంబ్రిడ్జ్ చరిత్రకారుడు సైమన్ స్రెటర్ 1996లో ఈ తరగతులను విప్పి, లోపలున్న వృత్తులను ఒక్కొక్కటిగా చూశాడు. ఒకే తరగతిలోని రెండు వృత్తుల మధ్య తేడా చాలాచోట్ల రెండు తరగతుల మధ్య తేడాకంటే పెద్దదిగా వచ్చింది. అంటే అందరినీ ఒకే గాటన కట్టి దానికి వర్గం అని పేరు పెట్టాం. ఆ తర్వాత 2001లో ఆయన, ఎలిజబెత్ గారెట్, ఆలిస్ రీడ్, కెవిన్ షూరర్ కలిసి 1891, 1901, 1911 జనగణన పత్రాలను ఇంటింటి స్థాయిలో పరిశీలించారు. పేర్లు తీసేసిన పత్రాలు, మొత్తం 13 చోట్లవి. లండన్ ఈస్ట్ ఎండ్‌లోని బెత్నల్ గ్రీన్, గుమాస్తాలు చేరిన వాల్థమ్‌స్టో, నూలు మిల్లుల బోల్టన్, కుండల పరిశ్రమ ఉన్న స్టోక్, గనుల ఎర్స్‌డన్, పల్లెటూరి మోర్లాండ్, ఇలా. బయటపడింది ఏమిటంటే, నీ వర్గం ఎంత ముఖ్యమో నువ్వు ఏ ఊళ్లో ఉన్నావన్నది అంత ముఖ్యం. ఆఫీసు ఉద్యోగుల పేటలో ఉన్న కూలీ కుటుంబం పెద్ద పరిశ్రమల ఊళ్లోని కూలీ కుటుంబంలా లేదు, తన పొరుగువాళ్లలా ఉంది. పెద్ద పరిశ్రమల ఊళ్లలో కాస్త కలిగినవాళ్ల కుటుంబాలూ పెద్దవే.

మీ పేజీలో ఇంకో వాక్యం ఉంది: “ముందు మరణాలు తగ్గాయి, బిడ్డలు బతుకుతారన్న నమ్మకం వచ్చాక జననాలు తగ్గాయి.” 1929లో వారెన్ థాంప్సన్, 1945లో ఫ్రాంక్ నోట్‌స్టీన్ రాసిన జనాభా పరివర్తన సిద్ధాంతం దీనికి మూలం. దాన్ని పూర్తిగా కాదనను. కానీ ఇంగ్లండ్‌లో కాపురాల్లో జననాలు తగ్గడం మొదలైంది 1870ల్లో. ఏడాదిలోపు బిడ్డల మరణాలు మాత్రం 1900 దాకా దాదాపు ఉన్నచోటే ఉన్నాయి, 1899లో ప్రతి 1,000కి 163. కాస్త పెద్ద పిల్లల మరణాలు అంతకుముందే తగ్గుతున్నమాట నిజమే. అయినా ఉయ్యాలలో బిడ్డ నిలుస్తుందన్న ధైర్యం ఇంకా రాకముందే తల్లిదండ్రులు కాన్పులు తగ్గించుకున్నారు. నేత పట్నాలనే చూడండి, బిడ్డలు ఎక్కువగా పోయారు, కాన్పులూ తక్కువే. మీ వరస ప్రకారం ఇది జరగకూడదు. జరిగింది.

దీన్ని ఇంగ్లండ్ ఒక్కచోటి వింత అనుకోకండి.

ఫ్రాన్స్‌లో జననాలు తగ్గడం 18వ శతాబ్దం చివర్లోనే మొదలైంది, ఇంగ్లండ్‌కంటే దాదాపు నూరేళ్లు ముందు. అప్పటికి అక్కడ పొగగొట్టాలు లేవు, దేశం నిండా రైతులు. అందులోనూ ఊరికో తీరు: గారోన్ నది లోయలో, నార్మండీలో తొందరగా, బ్రిటనీలో చాలా ఆలస్యంగా. హంగరీ దక్షిణాన ఒర్మాన్‌షాగ్ అనే ప్రాంతంలో రైతులు పొలం ముక్కలు కాకూడదని ఒక్క బిడ్డతో ఆగిపోయేవాళ్లు. ఆ ఆనవాయితీకి హంగరీ భాషలో ‘ఎగ్యకె’ అని పేరు కూడా ఉంది. ఈ రైతులు ఏ మెట్టు మీద ఉన్నారు? ఏ దొరను చూసి నేర్చుకున్నారు?

ఎదురు ఉదాహరణ కూడా ఉంది, జెనీవాది. అక్కడి పెద్దింటి కుటుంబాలు 17వ శతాబ్దం చివరికే కాన్పులు తగ్గించుకున్నాయని ఫ్రెంచి జనాభా శాస్త్రవేత్త లూయీ హెన్రీ 1956లో వంశవృక్షాల నుంచి లెక్కగట్టి చూపించాడు. మరి చుట్టూ ఉన్న స్విట్జర్లాండ్‌లో జననాల రేటు గట్టిగా తగ్గడం మొదలైంది 19వ శతాబ్దం చివర్లో. చూసి నేర్చుకోవడమే అయితే దాదాపు 200 ఏళ్లు చూస్తూ కూర్చున్నారా?

1963లో ఆన్స్‌లీ కోల్ నాయకత్వంలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వాళ్లు యూరప్ మొత్తాన్నీ వందల జిల్లాలుగా విడగొట్టి ఇదే ప్రశ్నతో బయల్దేరారు. ఇంత ఆదాయం, ఇంత చదువు, ఇన్ని ఫ్యాక్టరీలు వస్తే జననాలు తగ్గడం మొదలవుతుందన్న గీత ఏదైనా ఉందా? అలాంటి గీత దొరకలేదు. దొరికింది వేరే. ఒకే భాష, ఒకే ఆచారాలు ఉన్న పక్కపక్క జిల్లాల్లో ఇంచుమించు ఒకే కాలంలో తగ్గింది. బెల్జియంలో రాన్ లెస్‌టెగె 1977లో చూపించిన ఉదాహరణ నాకు చాలా ఇష్టం. భాషా సరిహద్దుకు అటొక ఊరు, ఇటొక ఊరు, పనులూ బతుకులూ దాదాపు ఒకే తీరు. ఫ్రెంచి మాట్లాడే ఊళ్లో కాన్పులు ముందు తగ్గాయి, ఫ్లెమిష్ మాట్లాడే ఊళ్లో ఆలస్యంగా. ఇలాంటి మాటలు ఇల్లు దాటి వెళ్లేది పొరుగింటికి, చుట్టాలింటికి. పొరుగింటి భాష వేరైతే అక్కడే ఆగిపోతాయి.

పిల్లల్ని తగ్గించుకునే మార్గాల గురించి కూడా మీ పేజీలో ఒక ముక్క ఉంది, ఆధునిక పద్ధతులు అందుబాటులోకి రావడం వల్ల అని. ఇక్కడ చరిత్ర మీకంటే గమ్మత్తుగా ఉంది. 1877లో చార్లెస్ బ్రాడ్‌లా, అనీబిసెంట్ (తర్వాత అడయారు వచ్చి హోంరూల్ ఉద్యమం నడిపిన ఆవిడే) గర్భనిరోధం మీద ఒక అమెరికన్ డాక్టరు రాసిన పాత కరపత్రాన్ని ఆరు పెన్నీలకు అచ్చేసి అమ్మారు. కేసు పెట్టారు. కేసు పుణ్యమా అని కొద్ది నెలల్లో లక్షకు పైగా కాపీలు అమ్ముడుపోయాయి. శిక్ష అప్పీలులో పోయింది కానీ బిసెంట్ తన కూతుర్ని పెంచుకునే హక్కు కోల్పోయింది. మేరీ స్టోప్స్ లండన్‌లో గర్భనిరోధ క్లినిక్ తెరిచింది 1921లో. అప్పటికి జననాలు తగ్గడం మొదలై నలభై ఏళ్లు దాటింది. ఆ నలభై ఏళ్లలో చాలామంది వాడింది దుకాణంలో కొనే వస్తువు కాదు. మగవాడు ‘జాగ్రత్తగా ఉండటం’, లేదా దూరంగా ఉండటం. దీనికి ఊరూరా ఒక చాటు మాట ఉండేది. లివర్‌పూల్ వాళ్లు “ఎడ్జ్ హిల్‌లో దిగిపోవడం” అనేవాళ్లు, అంటే చివరి స్టేషన్‌కు ఒక స్టేషన్ ముందే రైలు దిగడం. న్యూకాజిల్ వాళ్లకు అదే గేట్స్‌హెడ్, ఎడిన్‌బరోలో హేమార్కెట్. జననాల తగ్గుదలలో ఊరి పాత్ర ఎంత అని ఎవరైనా అడిగితే నేను ఇప్పుడు ఈ స్టేషన్ల సంగతి చెబుతున్నాను. క్లాసు మొదట నవ్వుతుంది, తర్వాత మర్చిపోదు. ఇది పాఠ్యపుస్తకంలో వేయలేమని మీరంటే ఒప్పుకుంటాను.

ఆ అమ్మాయి అడిగిన రెండో ప్రశ్న ఉంది కదా, ఎవరైనా వెళ్లి అడిగారా అని. అడిగారు. 1915లో ఇంగ్లండ్ మహిళా సహకార సంఘం కార్మిక కుటుంబాల తల్లులు రాసిన 160 ఉత్తరాలను పుస్తకంగా తెచ్చింది. కాన్పుల గురించి, పోయిన బిడ్డల గురించి, ఇక చాలనుకోవడం గురించి వాళ్లే రాసుకున్నవి. ఆ తర్వాత చాలా కాలానికి కేట్ ఫిషర్, స్రెటర్ కలిసి బ్లాక్‌బర్న్‌లోనూ హార్ట్‌ఫర్డ్‌షైర్‌లోనూ, 20వ శతాబ్దం తొలి సగంలో కాపురాలు చేసిన వృద్ధులను కూర్చోబెట్టి మాట్లాడించారు. ఇంతమంది చాలని ముందే లెక్కగట్టుకున్నవాళ్లు తక్కువ. ఈ విషయం భర్త చూసుకోవాలి అన్నవాళ్లు ఎక్కువ. దొరసాని గారిని చూసి నేర్చుకున్నాం అన్న కథ మాత్రం ఈ మాటల్లో ఎక్కడా ప్రధానం కాదు.

అయితే వర్గం ఊసే వద్దంటున్నావా అని మీరు అడగొచ్చు. అనడం లేదు. 1911లో సగటున చూస్తే డాక్టరు ఇంట్లో పిల్లలు కూలీ ఇంట్లో కంటే తక్కువే. ఒకే ఊళ్లోనూ ఆ తేడా చాలాచోట్ల ఉంది. ప్రిన్స్‌టన్ వాళ్ల జిల్లాలు మరీ పెద్దవని, ఆ సగటు కింద ఊళ్ల మధ్య, వృత్తుల మధ్య తేడాలు దాగిపోయాయని తర్వాత వచ్చిన పరిశోధకులు తప్పుపట్టారు. అది న్యాయమైన మాట. నేను చెప్పేదల్లా, కూలీ ఇంటి నిర్ణయానికి కారణం డాక్టరు ఇంట్లో వెతకొద్దని. ఆ ఊళ్లో ఆడవాళ్లకు పని ఉందా, పిల్లలు ఎన్నేళ్లకు సంపాదనలో పడతారు, 1880 నుంచి బడి తప్పనిసరి అయ్యాక ఆ సంపాదన ఎంత వెనక్కి జరిగింది, ఇల్లు ఎంత ఇరుకు, పక్కింటివాళ్లు ఏమనుకుంటారు, వీటిలో వెతకమంటున్నాను. వర్గం ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉంటుంది, ఎందుకంటే ఈ ప్రశ్నలన్నిటికీ ఊరూరా జవాబు వేరు.

మెట్ల బొమ్మను అంత అమాయకమైనదిగా నేను చూడలేకపోవడానికి ఇంకో కారణం ఉంది. స్టీవెన్సన్ పట్టికలు వచ్చిన కాలంలోనే, ‘తక్కువ రకం’ మనుషులు ఎక్కువగా కంటున్నారు, జాతి చెడిపోతోంది అని వాదించే యుజెనిక్స్ వాళ్లు లండన్‌లో బలంగా ఉన్నారు. ఆ పేరు పెట్టింది ఫ్రాన్సిస్ గాల్టన్, 1883లో. లెక్కలతో దాన్ని నడిపింది కార్ల్ పియర్సన్. స్టీవెన్సన్ వాళ్ల మనిషి కాదు, పేద బిడ్డల చావుకు పరిసరాలే కారణమని నమ్మినవాడు. అయినా పైమెట్టు తెలివి, కిందిమెట్టు వెనకబాటు అన్న బొమ్మ ఆయనకూ యుజెనిక్స్ వాళ్లకూ పనికొచ్చింది. ‘వాళ్లకూ ఈ తెలివి చేరుతుందిలే’ అనేది మర్యాదగా చెప్పే మాట, ‘వాళ్లకు తెలివి లేదు’ అనేది మొరటుగా చెప్పే మాట. మా క్లాసులో సగంమంది ఆ అట్టడుగు మెట్టు బొమ్మను చూసి తమ ఇంటిని గుర్తుపడతారు. మాట్లాడరు, తలవంచుకుని రాసుకుంటారు. పోయిన ఏడాది దాకా నేను అది గమనించలేదు.

విచిత్రంగా, పియర్సన్ దగ్గరే పనిచేసిన ఎథెల్ ఎల్డర్టన్ 1914లో ఉత్తర ఇంగ్లండ్ మీద ఒక నివేదిక రాసింది. ఆమె అక్కడి పట్నాలను విడివిడిగా తీసుకుని, ఎక్కడ ఏ పనులున్నాయో, జనం ఏమంటున్నారో, ఏ మందులు వాడుతున్నారో సేకరించింది. గర్భం పోవడానికి సీసం కలిసిన మందులు మింగడం గురించి కూడా. ఆమె ఉద్దేశాలతో నాకు పేచీ ఉంది. పద్ధతి మాత్రం మెట్ల బొమ్మకంటే నిజానికి దగ్గర.

ఇక నా అభ్యర్థనలు. కొత్త ముద్రణలో ఆ బొమ్మ తీసేయండి. ఆ స్థానంలో 1911 నాటి 8 తరగతుల శిశు మరణాల పట్టిక పూర్తిగా వేయండి, వ్యవసాయ కూలీల 97 సహా. పక్కన ఒక గని ఊరు, ఒక నేత పట్నం, ఒక్కోదానికి అయిదారు వాక్యాలు చాలు. 1860ల్లో పెళ్లయిన జంటకు ఆరుగురి దాకా ఉన్న సగటు, 1920ల చివర్లో పెళ్లయిన జంటకు 2.2కి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు ఒకే బాణం గీయకండి. “పైవర్గాలను అనుకరించి” అన్న రెండు ముక్కలు కొట్టేయండి. ముప్పావు పేజీ చాలదంటే జనాభా పెరుగుదల వల్ల కలిగే నష్టాల జాబితా నాలుగు పేజీలుంది, అందులోంచి కోయండి.

అధ్యాయం చివర అభ్యాసంలో “జననాల రేటు తగ్గుదలకు కారణాలు రాయండి” అన్న ప్రశ్న ఉంది. దాని కింద మా అమ్మాయి ప్రశ్న కూడా చేర్చండి: కిందివాళ్లు పైవాళ్లను చూసి నేర్చుకున్నారని ఎలా తెలిసింది, ఎవరైనా వెళ్లి అడిగారా? దానికి మార్కులు ఎన్ని వేయాలో మీరే నిర్ణయించండి. ఆ అమ్మాయి ఇప్పుడు ఫైనలియర్‌లో ఉంది, పుస్తకం ఎప్పుడు మారుతుందని రెండుసార్లు అడిగింది.

ఇట్లు,
అర్థశాస్త్రం బోధించే ఒక అధ్యాపకురాలు